అరికాలి మంట

నల్లా భీమశంకరం గారి రక్తంలో చక్కెర నాలుగు వందలు దాటిన పూటే ఆయన విస్తట్లో బూరెలు డజను దాటాయి. రెండు లెక్కలూ కళ్ళారా చూసిన ఏకైక శాస్త్రజ్ఞుడు ఆయన బావమరిది డాక్టర్ గంధం త్రివిక్రమ్. చూసి కంగారు పడలేదు సరికదా, కాలరెగరేశాడు.

"వెయ్యవే మంగా, వెయ్యి. మీ తమ్ముడు శాస్త్రోక్తంగా తినమన్నాడు," అన్నాడు భీమశంకరం భార్యతో. "ఏరా బామ్మర్దీ, నెయ్యి కూడా పోయించుకోవచ్చా, దానికి వేరే పట్టీ అతికించాలా?"

"పోయించుకో బావా. నీ నోరు మూతపడ్డానికి ఏదైనా మంచిదే."

"విన్నావటే? ఇన్నేళ్ళు ఎలకల్ని పెంచితే ఇప్పటికి ఈ మాత్రం మాటొచ్చింది మీవోడికి."

అమలాపురం అవతల ఏటిగట్టు ఊళ్ళో భీమశంకరం గారికి రొయ్యల చెరువులున్నాయి, రొయ్యమీసాలున్నాయి, రోషం ఉంది. పైపెచ్చు షుగరుంది గనక ఊరు ఆయన్ని చాటున భీమశర్కరం అనేది. త్రివిక్రమ్‌కి విశాఖపట్నంలో, భీమిలి రోడ్డు మీద ఒక ప్రయోగశాల ఉంది, అందులో ఎలుకలున్నాయి, ఎలుకలకంటే వేగంగా పరిగెత్తే ఆశలున్నాయి. బావ దృష్టిలో బావమరిది ఎలుకలకి సూదులు పొడిచే గుమాస్తా. బావమరిది దృష్టిలో బావ ఆ ఎలుకల్లో చేరాల్సినవాడు, పొరపాటున మీసాలు పెద్దవైపోయి మనుషుల్లో చేరాడు. మంగతాయారు ఇద్దరికీ వడ్డించి, ఇద్దరినీ తిట్టి, ఇద్దరిచేతా తిట్లు తిని కాపురం నెట్టుకొస్తోంది.

ఈ బూరెల స్వరాజ్యం ఎలా సిద్ధించిందో చెప్పాలంటే ఏడాది వెనక్కి పోవాలి.

నల్లావారింట ఒక ఆచారం ఉంది. మగపిల్లాడి పెళ్ళికి ముందు వీరభద్రుడి సంబరం చెయ్యాలి. తెల్లవారుతుండగా అగ్నిగుండం రగిల్చి, నిప్పులు పరిచాక, పెళ్ళికొడుకు తండ్రి అందరికంటే ముందు దాన్ని తొక్కాలి. తొక్కేవాడి కాళ్ళు అతని బావమరిది పసుపునీళ్ళతో కడగాలి. తండ్రి తొక్కలేని పరిస్థితి వస్తే ఆ వంతు మేనమామది. భీమశంకరం తమ్ముళ్ళ పెళ్ళిళ్ళకి తండ్రి వెనకాలే తనూ తొక్కినవాడు. కొడుకు లోవరాజుకి సంబంధం కుదరగానే మీసం దువ్వాడు. అమలాపురం డాక్టరు ఆయన మూణ్ణెల్ల షుగరు రిపోర్టు చూసి, "నిప్పుల మాట అటుంచండి, మీరు ఇసకలో కూడా చెప్పుల్లేకుండా తిరగకూడదు" అన్నాడు.

మంగతాయారు ఆ ముక్క పట్టుకుని వదల్లేదు. "రిపోర్టు బాగుపడితే మీరు తొక్కండి. లేదంటే మేనమామ ఉన్నాడు, తమ్ముడు తొక్కుతాడు."

"ఆడా? కాఫీ కూడా ఊదుకుని తాగే రకం. ఆడు తొక్కితే వీరభద్రుడు సిగ్గుపడి చెరువులో దూకుతాడు."

పెళ్ళిమాటలకి వచ్చిన చుట్టాలందరూ నవ్వారు. త్రివిక్రమ్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. భీమశంకరానికి మాత్రం అరికాళ్ళ మంటలు అరికాళ్ళలోనే ఉన్నాయి. షుగరు పెట్టిన మంటలు అవి, తడిగుడ్డ చుట్టుకుంటే గాని కునుకు పట్టేది కాదు.

త్రివిక్రమ్ లేచి నిలబడ్డాడు. చుట్టాల కోసం వండుతున్న అరిసెల పాకం పక్కనే ఉంది. బావ భుజం మీది జరీ కండువా లాగి అందులో ముంచాడు.

"ఒరేయ్ ఒరేయ్! మొన్న కొన్నదిరా!"

"ఇది నీ ఒంట్లో ప్రొటీను బావా. పాకం నీ నెత్తురు. ముంచగా ముంచగా ఏమవుతుందో చూడు." కండువా చల్లారి అట్టముక్కలా బిగుసుకుంది. "మడత పడదు, ముడి పడదు, ఎందుకూ పనికిరాదు. నెత్తుట్లో చక్కెర ఉండటం కాదు జబ్బు. అది ప్రొటీన్లకి అంటుకోవడం జబ్బు. కంటిలో అంటితే చూపు పోతుంది, మూత్రపిండంలో అంటితే అది పోతుంది. నీ మూణ్ణెల్ల షుగరు అంటే ఏమిటనుకున్నావు? నెత్తురుకి ఎరుపిచ్చే ప్రొటీనుకి ఎంత చక్కెర అంటిందో ఆ లెక్క. నేను తయారుచేసిన ఎంజైము ఆ అంటినదాన్ని ఊడబెరుకుతుంది. చక్కెర వస్తుంది, పోతుంది. చుట్టంలా వచ్చి తిష్ఠ వెయ్యదు."

"నీలా కాదన్నమాట."

చుట్టాలు మళ్ళీ నవ్వారు. త్రివిక్రమ్ ఆ నవ్వుని మింగాడు. "మూణ్ణెల్లు నా మందు పట్టీ అతికించుకో. నీ రిపోర్టు నీ కొడుకు రిపోర్టులా చేస్తాను. అప్పుడు ఇదే చావట్లో, ఇదే జనం ముందు, నా చదువు చదువేనని నీ నోటితో నువ్వే అనాలి."

అలా విమధు అనే రూపాయి బిళ్ళంత పట్టీ భీమశంకరం జబ్బకెక్కింది. ఎంజైము లోపలికి, ఎంజాయి బయటికి. మూణ్ణెల్ల షుగరు పదకొండు నుంచి అయిదున్నరకి దిగింది. ఫలితం చూసుకుని ఫలహారం, ఫలహారం అరిగాక మళ్ళీ ఫలితం. వేలు పొడిచి చూసే మిషను మాత్రం నాలుగు వందలు చూపిస్తూ మొత్తుకునేది. ఉండటం వేరు, అంటటం వేరు అని త్రివిక్రమ్ దాని నోరు మూయించాడు. పాత మాత్రలు పెరట్లోకి పోయాయి. అమలాపురం డాక్టరు కేకలేస్తే భీమశంకరం ఆయన్నే మార్చేశాడు.

చావట్లో మాత్రం "నీ చదువు చదువేరా" అనలేదు. "నా ఒల్లు గట్టిది, మందుదేముంది" అన్నాడు. కాని చెరువుల మీద తిరిగే తన జట్టులో నలుగుర్ని వెంటబెట్టుకెళ్ళి పట్టీలు వేయించాడు. వలలు వేసే చేతులు గనక వలంటీర్లు తేలిగ్గా పడ్డారు. అందరిదీ ఒకటే మాట. ఆయ్, అరికాళ్ళ మంటలు పోయాయండి! త్రివిక్రమ్ ఆ మాటని పెద్ద అక్షరాలతో తన నివేదిక మొదటి పేజీలో ఎక్కించాడు. లైసెన్సు ఇచ్చే కమిటీ సోమవారం కూర్చుంటుంది. సంబరం ఆదివారం.

*

శుక్రవారం పొద్దున్న జకియా సుల్తానా అతన్ని ఎలుకల గదికి రమ్మంది. ఆవిడ అదే ప్రయోగశాలలో నరాల విభాగం చూసే శాస్త్రజ్ఞురాలు. మాటలో పొదుపు, మొహమాటంలో అంతకంటే పొదుపు.

బల్ల మీద ఒక రాగి పలక ఉంది. చెయ్యి ఆనిస్తే చటుక్కున తీసేసుకునేంత వేడి. షుగరు తెప్పించి, మందు మాత్రం ఎక్కించని ఎలుకని దాని మీద పెట్టింది. అది తక్షణం కాళ్ళెత్తి, ఒకటొకటే నాక్కుంటూ గెంతింది. దాన్ని తీసేసి, విమధు ఎక్కించిన ఎలుకని పెట్టింది. అది తీరిగ్గా కూర్చుని మీసాలు సవరించుకుంది.

"దీనికి ఓపిక ఎక్కువ," అన్నాడు త్రివిక్రమ్.

"ఓపిక కాదండీ. కాళ్ళు లేవు. అంటే మనకి కనబడుతున్నాయి, దానికి తెలీటం లేదు." కాలకముందే ఎలుకని తీసి అరచేతిలో పెట్టుకుంది. "మీరు ప్రొటీన్ల నుంచి చక్కెర ఊడబెరికారు. బాగుంది. ఊడింది ఎక్కడికి పోయింది?"

"మూత్రంలో పోతుంది."

"సగం. మిగతా సగం ఊడేటప్పుడే విరుగుతోంది. విరిగిన ముక్క మామూలు చక్కెర కంటే మొండిగా అంటుకుంటుంది. నెత్తుట్లో మీ ఎంజైము అంటనివ్వదు. అందుకని మీ ఎంజైము వెళ్ళలేని చోటు చూసుకుని అక్కడ అంటుకుంటోంది. నరాల్లో. మీ ఇల్లు ఊడ్చి చెత్త పక్కింట్లో పోశారు."

"మనుషులు ఎలుకలు కారు జకియా గారూ. నలభైమంది వలంటీర్లలో ఒక్కరికీ అరికాళ్ళ మంటలు రాలేదు. ఉన్నవాళ్ళకి కూడా పోయాయి!"

"మంట పోయిందా, మంట అని చెప్పే నరం పోయిందా?"

ఎలుక ఆవిడ అరచేతిలోంచి అతన్ని చూసింది.

"అరికాలికి ఓ నైలాను పోగు ఆనించి తెలుస్తోందా అని అడిగే పరీక్ష. రెండు నిమిషాల పని. ఆలస్యమవుతుందని దాన్ని ప్రణాళికలోంచి కొట్టేసింది ఎవరండీ?"

"మీరు నరాల మనిషి. పప్పులో కూడా మీకు నరాలే కనబడతాయి. లైసెన్సు రానివ్వండి, తరవాత చూద్దాం."

"లైసెన్సు వచ్చాక సెన్సు వచ్చి ఏం లాభం?"

"నా సంతకం లేకుండా ఈ ఫలితం ఈ గది గుమ్మం దాటదు. దాటితే మీ విభాగం ఉండదు. అదీ చూసుకోండి."

"చూసుకున్నాను," అంది జకియా. ఎలుకని బోనులో పెట్టి గడియ వేసింది. "మీ బావగారు కూడా మన వలంటీరే కదూ?"

"మా బావ సంగతి మీకెందుకు?"

"నిజమే. మీకే అక్కర్లేనప్పుడు నాకెందుకు?"

*

శనివారం మధ్యాహ్నం త్రివిక్రమ్ బావగారి ఊళ్ళో దిగేసరికి ఇంటి ముందు పందిరి పడింది, ఖాళీ స్థలంలో గుండం తవ్వుతున్నారు, మైకు ఖణేల్‌మంటోంది. భీమశంకరం చెరువు మీద నుంచి దర్జాగా నడిచొస్తున్నాడు. గుమ్మంలో కూర్చుని పూలు కడుతున్న ఆడవాళ్ళు గొల్లుమన్నారు.

"ఏవండీ! రెండో చెప్పు ఏదండీ?" అంది మంగతాయారు.

భీమశంకరం కిందికి చూసుకున్నాడు. ఎడమ కాలికి చెప్పు ఉంది. కుడి కాలికి బురద ఉంది, బురద కింద నత్తగుల్ల కోసిన గాటుంది, గాటు చుట్టూ నెత్తురు ఎండి ఉంది. ఆ గాటుతోనే ఆయన చెరువు నుంచి ఇంటిదాకా నడిచొచ్చాడు.

"కోడలొత్తందన్న సంబరంలో కాలికేముందో ఎవడు చూసుకుంటాడే?" అన్నాడు. అందరూ మళ్ళీ నవ్వారు. త్రివిక్రమ్ కూడా నవ్వాడు. నవ్వు సగంలో విరిగింది.

బావని పశువుల పాకలోకి తీసుకెళ్ళాడు. "బావా, రేపు గుండం మానెయ్యి."

"ఏం?"

ఏం అంటే ఏం చెప్పాలి? నా మందు నీ కాళ్ళని చంపేసింది అనాలి. అంటే ఆ మాట సోమవారం కమిటీ దాకా పోతుంది. "వయసు మీద పడింది కదా," అన్నాడు.

భీమశంకరం మొహం గంటు పెట్టుకున్నాడు. "అర్థమైందిరా. నేను తొక్కకపోతే వంతు నీది. పెద్దరికం కొట్టేద్దామని వచ్చావు. నీ రిపోర్టు, నీ సంతకం, నీ పట్టీ. అన్నీ బాగున్నాయని నువ్వే రాసిచ్చి, ఇప్పుడు నేను బాగోలేదంటావా?"

"అది కాదు బావా..."

"ఏది కాదో సెప్పు మరి."

గేదె ఒకటి వాళ్ళిద్దరినీ చూసి, నెమరు వెయ్యడం ఆపి, వీళ్ళు దానికి కూడా విసుగుపుట్టించారు కాబోలు, అటు తిరిగింది. "రేపు పొద్దున్నే లెగిసి నా కాళ్ళు కడుగు," అని భీమశంకరం వెళ్ళిపోయాడు. "సదువుకున్నోడి సేత కాళ్ళు కడిగించుకుంటే ఆ సుఖమే వేరు."

*

మాఘమాసం మంచు. తూర్పు ఇంకా పూర్తిగా తెల్లబడలేదు. గుండంలో చింతమొద్దుల నిప్పులు బారుగా పరిచి చేటలతో విసురుతున్నారు. పొగా, మంచూ కలిసి మనిషికి మనిషి కనబడటం లేదు. జంగందేవర మైకు ముందు నిలబడి, వీరభద్రుణ్ణి గుక్క తిప్పుకోకుండా పొగుడుతూ ఖడ్గం చదువుతున్నాడు. ఆయన ఆగినప్పుడల్లా జనం "అశ్శరభ శరభా! దశ్శరభ శరభా!" అని అరుస్తున్నారు.

భీమశంకరం ఎర్ర పంచె కట్టుకుని పీట మీద కూర్చున్నాడు. ముందు ఇత్తడి పళ్ళెం, అందులో ఆయన పాదాలు. వెనక ఆయన జట్టు, పట్టీలవాళ్ళు నలుగురూ, వాళ్ళూ ఎర్ర పంచెల్లోనే ఉన్నారు. పెద్దాయన తొక్కాక వెనకే వాళ్ళూ తొక్కుతారు. మా ఒంట్లో షుగరు లేదని లోకానికి చూపించే సరదా.

త్రివిక్రమ్ పళ్ళెంలో పసుపు కలిపిన నీళ్ళు పోశాడు. కళ్ళజోడు మీద మంచు పట్టింది. తుడుచుకోడానికి చెయ్యి ఖాళీ లేదు.

"ఏంట్రా, శవానికి పోసినట్టు చన్నీళ్ళు పోత్తన్నావు? వేణ్ణీళ్ళు పొయ్యి."

పక్కన కాగులో నీళ్ళు మసులుతున్నాయి. త్రివిక్రమ్ పిడి ఉన్న చెంబుతో ముంచి పోశాడు.

"ఇంకా."

పోశాడు.

"ఒరేయ్, నీ ఎలకలకి జలుబు చేస్తే ఇలాగే పోత్తావా? ఇంకా పొయ్యి. మా అయ్య కాళ్ళు కడిగినప్పుడు మా మావయ్య పొగలొచ్చే నీళ్ళు పోశాడు. నీకు దానికి కూడా చెయ్యి రాదు."

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. త్రివిక్రమ్‌కి ఒళ్ళు మండింది. నిన్నటి పాక మాటలు, పెళ్ళిమాటల నాటి నవ్వులు, ఇన్నేళ్ళ వెక్కిరింతలు అన్నీ ఒక్కసారి చెంబులోకి ఎక్కాయి. కాగులో నిండా ముంచి గుమ్మరించాడు. మళ్ళీ ముంచాడు, మళ్ళీ గుమ్మరించాడు. తాగు బావా, నీ కాళ్ళతో తాగు!

"ఆ, ఇప్పుడు కాత్త నయం," అన్నాడు భీమశంకరం.

ఇక మూడుసార్లు చేత్తో పాదాలు రుద్దాలి. త్రివిక్రమ్ చెంబు కింద పెట్టి పళ్ళెంలో చెయ్యి ముంచాడు.

కెవ్వుమని చెయ్యి లాక్కున్నాడు.

"ఏంట్రా, తేలు కుట్టిందా?" భీమశంకరం నవ్వాడు. నీళ్ళలో పాదాలు కదుపుతూ నవ్వాడు. చంటిపిల్లాడు నీళ్ళలో ఆడుకున్నట్టు కదుపుతూ.

త్రివిక్రమ్ తన చేతికేసి చూసుకున్నాడు. వేళ్ళు ఎర్రగా కమిలిపోయాయి. పళ్ళెంలో పసుపునీళ్ళ మీద ఆవిరి తెరలు తెరలుగా లేస్తోంది. ఇంతసేపూ దాన్ని మంచనుకున్నాడు.

"కాళ్ళు తియ్యి బావా."

"ఇంకా రుద్దలేదు కదరా."

"తియ్యి!" బావ రెండు పిక్కలూ పట్టుకుని ఎత్తేశాడు. భీమశంకరం పీట మీద నుంచి వెనక్కి ఒరిగాడు. జంగందేవర ఖడ్గం మధ్యలో ఆగింది.

పాదాలు ఉడికి ఎర్రబారిపోయాయి. కుడి మడమ దగ్గర తోలు వేలాడుతోంది.

భీమశంకరం తన కాళ్ళకేసి అవి వేరెవరివో అన్నట్టు చూశాడు. వేలు పెట్టి తాకాడు. గట్టిగా నొక్కాడు. ఆయన మొహంలో నొప్పి కోసం అందరూ ఎదురుచూశారు. ఆయనా ఎదురుచూశాడు. అది రాలేదు.

"మంగా," అన్నాడు చిన్న గొంతుతో. "నాకేం తెలీటం లేదే."

మంగతాయారు తొట్టిలో చన్నీళ్ళు తెచ్చి భర్త కాళ్ళు అందులో పెట్టింది. లేచి తమ్ముడి చొక్కా పట్టుకుంది. "నీకు తెలుసు కదరా? నిన్న పాకలో గొణిగింది ఇదే కదూ?"

"అక్కా, శుక్రవారమే..."

"తెలిసి కాళ్ళు కడగటానికి కూర్చున్నావా? నా పిల్లాడి పెళ్ళికొచ్చావా, నా మొగుడి కాళ్ళు తియ్యటానికొచ్చావా?" ఆవిడ చెయ్యి ఎత్తింది. కొట్టలేదు. భర్త జబ్బ మీది పట్టీని తోలుతో సహా వచ్చేలా పీకి తమ్ముడి మొహాన కొట్టింది.

పట్టీ అతని చెంప మీద అంటుకుంది. చుట్టూ గుసగుసలు మొదలయ్యాయి. జట్టులోవాళ్ళు నలుగురూ గుండం వైపు నడుస్తున్నారు. పెద్దాయనకి నీళ్ళు పడలేదు గాని మనకేం, మనం గట్టివాళ్ళం అన్నట్టుంది వాళ్ళ నడక. వాళ్ళ అరికాళ్ళలో కూడా మంటల్లేవు మరి.

త్రివిక్రమ్ పరిగెత్తి జంగందేవర చేతిలోని మైకు లాక్కున్నాడు.

"ఆగండి! ఎవరూ తొక్కకండి. ఆ పట్టీ వేసింది నేను. దానివల్ల మీ రిపోర్టు బాగుపడింది. మీరు బాగుపడలేదు. మీ షుగరు ఎక్కడికీ పోలేదు. విరిగి మీ నరాల్లోకి ఎక్కింది. మీ మంటలు తగ్గలేదు, మీ కాళ్ళు చచ్చిపోయాయి. మందు తప్పు. నేను తప్పు. తీసెయ్యండి."

మైకు ఆ మాటల్ని ఏటి అవతలి గట్టుదాకా మోసుకుపోయింది. సోమవారం కమిటీకి ఇక వేరే చెప్పక్కర్లేదు.

"ఊరుకోండి డాక్టరు గారూ," అన్నాడు నలుగుర్లో ముందున్న కడలి సూరిబాబు. "బావగారి మీద కోపం మా మీద తీరుత్తారేంటి? నాకు నడుత్తుంటే దూది మీద నడిచినట్టుంటది."

"దూది ఎక్కడుందిరా సూరిగా? నువ్వు నడిచేది కంకర!" అరిచాడు భీమశంకరం. కొడుకు లోవరాజునీ, మరొకణ్ణీ పిలిచి కుర్చీ తెప్పించుకుని ఎక్కి, దాంతో సహా మోయించుకుని గుండం ముందుకి వచ్చాడు. ఉడికిన పాదాలు రెండూ చాపి వాళ్ళకి అడ్డంగా పెట్టాడు. "ఇదిగో దూది. ముట్టుకుని చూడండిరా. తొక్కాలనుంటే ముందు వీటిని తొక్కి ఎల్లండి."

సూరిబాబు ఆ కాళ్ళని చూశాడు. తన కాళ్ళని చూసుకున్నాడు. వంగి, గుండం అంచున రాలిన నిప్పురవ్వని బొటనవేలితో కదిపాడు. కదుపుతూనే ఉన్నాడు. పక్కవాడు అతన్ని వెనక్కి లాగేదాకా కదుపుతూనే ఉన్నాడు. అప్పుడు జబ్బ మీది పట్టీ తీసి డాక్టరు కాళ్ళ దగ్గర ఉమ్మినట్టు పడేశాడు. మిగతా మూడూ దాని వెంట పడ్డాయి.

త్రివిక్రమ్ ఫోను తీసి జకియాకి చేశాడు.

"మీ ఫలితం పంపించండి. నా సంతకం వస్తుంది."

"ఏమైంది?"

"మా బావ కాళ్ళు."

ఆవిడ 'నేను చెప్పలేదా' అనలేదు. అంటే బాగుండుననిపించింది అతనికి. "మిగతా వాళ్ళందరికీ నేను ఫోన్లు మొదలుపెడతాను. మీరూ పెట్టండి," అని పెట్టేసింది.

కాకినాడ ఆసుపత్రికి కారు తీసుకురమ్మని కొడుకుని తరిమారు. కారు వచ్చేదాకా భీమశంకరాన్ని లోపలికి తీసుకుపోదామంటే ఆయన కుర్చీ చేతులు పట్టుకుని కదల్లేదు.

"నిప్పు రగిలించి తొక్కకుండా చల్లారిత్తే రేపు నా కొడుకు పెళ్ళెలా చేత్తాను? తండ్రికి కాళ్ళు లేవు. మేనమామకి ఉన్నాయి." బావమరిదికేసి చూశాడు. ఆ చూపులో వెక్కిరింత లేదు, అంతకంటే పాడైనదేదో ఉంది. "దిగరా."

"వాడికి అలవాటు లేదండీ," అంది మంగతాయారు. తమ్ముడి మీద జాలితో కాదు, ఇంకో జత కాళ్ళు ఆసుపత్రికి మొయ్యాలన్న విసుగుతో అన్నట్టుంది.

"నాకు మాత్రం చచ్చిన కాళ్ళు అలవాటేంటి?"

త్రివిక్రమ్ బూట్లు విప్పాడు. మేజోళ్ళు విప్పాడు. తెల్లగా, మెత్తగా, బల్ల కింద తప్ప ఎండ ఎరగని పాదాలు. నేల మీది మంచుకి అవి జివ్వుమన్నాయి. జంగందేవర మైకు వెనక్కి తీసుకుని కొంచెం అనుమానంగా ఖడ్గం అందుకున్నాడు. జనంలో ఎవరూ శరభ అనలేదు.

మొదటి అడుగు పడింది. కాలింది. రెండో అడుగు వెయ్యకముందే మొదటి అడుగు మోకాలిదాకా, మోకాలి నుంచి పళ్ళదాకా పాకింది. త్వరగా నడవాలని ఎవరో అరిచారు. త్వరగా నడవడమెలాగో కాళ్ళు మర్చిపోయాయి. నోట్లోంచి అరుపు వచ్చింది, కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి, ముక్కు వెంట కూడా వచ్చాయి. శాస్త్రజ్ఞుడు, విభాగాధిపతి, కమిటీ ముందు సూటు వేసుకోవలసినవాడు, పిల్లిలా గెంతుతూ, కుంటుతూ, ఎవరినో తిడుతూ అవతలి ఒడ్డున బురదలో పడ్డాడు. బురదలో పాదాలు కుక్కుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

పొగకి అవతల నుంచి భీమశంకరం గొంతు వినిపించింది.

"ఏరా! కాలిందా?"

"కాలింది బావా! చచ్చిపోతున్నాను! భగభగా మండిపోతోంది!"

"అదృష్టవంతుడివిరా వెధవా," అన్నాడు భీమశంకరం.